కన్నంబాడి కట్ట నుంచి కన్యాకుమారి గాలి దాకా



పోయిన ఆదివారం కమిటీ మీటింగుకి వచ్చినవాళ్ళకి సగం కథ తెలుసు. రానివాళ్ళ కోసం మళ్ళీ చెబుతాను. ఈసారి సంఘం యాత్ర ఎక్కడికి అన్న మాట వచ్చింది. సగంమంది ఎప్పటిలాగే మైసూరు, బృందావన్ గార్డెన్స్ అన్నారు. నేను కన్యాకుమారి అన్నాను. అంతటితో ఊరుకోకుండా, దారిలో గాలిమరలు చూడొచ్చని, రాబోయే రోజుల్లో అక్కడి సముద్రంలోనే గాలిమరలు పెట్టాలని చూస్తున్నారని, ఆ సంగతి పిల్లలకి చెప్పొచ్చని అన్నాను. మన పెద్దాయన ఒకరు, నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా పనిచేసి రిటైరైనవారు, ఆయనంటే నాకు గౌరవమే, నవ్వేసి, "ఫ్యాన్లు చూడ్డానికి ఆరువందల కిలోమీటర్లు పోవాలా నాయనా? ఇంట్లో నాలుగున్నాయి" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆయన ఇంకో మాట అన్నారు. "సముద్రాన్ని చూడబోతాం గానీ యంత్రాన్ని చూడబోతామా? కరెంటు కరెంటే, యాత్ర యాత్రే." అది మాత్రం నాకు మింగుడు పడలేదు. ఎందుకంటే అదే నోటితో ఆయన ఓటు వేసింది బృందావన్ గార్డెన్స్‌కి.

బృందావనం ఏమిటసలు? ఒక డ్యాము కింద వేసిన తోట. మనం ఏటా బస్సు కట్టించుకుని పోయి చూసేది ఒక ఇంజినీరింగు పనిని.

ఈ కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. కావేరి మీద శివనసముద్రం దగ్గర 1902లో కరెంటు పుట్టించారు. ఆ కరెంటు మొదట పోయింది బెంగళూరుకి కాదు, కోలారు బంగారు గనులకి. మన తెలుగువాళ్ళు ఎంతోమంది చెమటోడ్చిన గనులవి. బెంగళూరు వీధుల్లో దీపం వెలిగింది 1905లో. అయితే ఎండాకాలం నది సన్నబడితే గనులకి కరెంటు చాలదు. నీళ్ళు ఏడాది పొడవునా ఒకేలా రావాలంటే పైన ఎక్కడో నిలవ చేయాలి. మండ్య వైపు పొలాలకీ నీళ్ళు కావాలి. అలా వచ్చింది కన్నంబాడి కట్ట, అంటే కృష్ణరాజసాగరం. 1911లో పని మొదలైంది. అప్పటి మైసూరు చీఫ్ ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వీకుల ఊరు మన గిద్దలూరు పక్కనున్న మోక్షగుండమని మనవాళ్ళు ప్రతి సెప్టెంబరు 15న గొప్పగా చెప్పుకుంటాం. సిమెంటు లేకుండా సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్కీ గారతో రాతికట్ట లేపారు. పూర్తవడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

ఇక్కడే నాకు నచ్చే సంగతి ఉంది. మనం చూసే తోట ఇంజినీరు వేసింది కాదు. 1926లో దివాన్ అయిన మీర్జా ఇస్మాయిల్‌కి వచ్చిన ఆలోచన అది. కట్ట కింది నేలను మెట్లు మెట్లుగా మలిచి, కాశ్మీరులోని మొఘల్ తోటల పద్ధతిలో మధ్యన నీటి కాలువ పారించి, ఫౌంటెన్లు పెట్టించారు. తోట వేసే బాధ్యత మన లాల్‌బాగ్‌ను తీర్చిదిద్దిన జర్మన్ తోటల నిపుణుడు క్రుంబిగల్‌కి అప్పగించారు. 1932 నాటికి అది తయారైంది. ఆ రోజుల్లో ఎవరైనా "డ్యాము డ్యామే, తోట తోటే" అనుకుని ఊరుకుని ఉంటే మన పెద్దాయన పెళ్ళయిన కొత్తలో భార్యతో అక్కడ ఫోటో దిగే అవకాశమే ఉండేది కాదు. ఆ ఫోటో వారింట్లో హాల్లో ఉంది, నేను చూశాను. తెలుగు సినిమాల పాటల సంగతి చెప్పక్కర్లేదు. ఒక కాలంలో హీరో హీరోయిన్లు ఆ ఫౌంటెన్ల చుట్టూ తిరగని ఏడాది లేదు.

కానీ తోట అందంలో కొన్ని మరుగున పడ్డాయి. కన్నంబాడి అన్న ఊరు నీళ్ళ కింద పోయింది. దానితోపాటు చుట్టుపక్కల ఊళ్ళూ పోయాయి. హొయసళుల కాలం నాటి వేణుగోపాలస్వామి గుడి మునిగింది. నీళ్ళు బాగా తగ్గిన ఏళ్ళలో బయటపడుతూ ఉండేది. చాలా కాలానికి రాయి రాయి విప్పి, ఒడ్డుకు తెచ్చి, మళ్ళీ కట్టారు. ఇప్పుడు అదీ చూడదగ్గ చోటే. ఊరు మాత్రం తిరిగి రాలేదు.

ఇలాంటిదే మన తెలుగునేల మీద ఇంకా పెద్ద ఎత్తున జరిగింది, నాగార్జునకొండ దగ్గర. కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకుల నాటి నగరం, స్తూపాలు, విహారాలు అక్కడున్నాయని 1926లో ఎ.ఆర్. సరస్వతి గుర్తించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి పునాదిరాయి వేశారు. లోయ అంతా మునిగిపోతుందని తెలిసిపోయింది. అప్పుడు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా లోయలో తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాలను కొండ నెత్తి మీదికి, ఒడ్డున అనుపుకి తరలించారు. నీళ్ళు నిండాక కొండ దీవి అయింది. దాని మీద బౌద్ధవిహారం ఆకారంలో మ్యూజియం కట్టారు. ఇవాళ విజయపురి నుంచి లాంచి ఎక్కి ఆ దీవికి పోతాం. గమనించండి: కరెంటు, సాగునీరు, పురాతన శిల్పం, కొత్త వాస్తు, పడవ ప్రయాణం, అన్నీ ఒకే టికెట్టు మీద. ఇది ఏదో విదేశీ ఆలోచన అనుకోవద్దని చెప్పడానికే ఇంత చెబుతున్నాను. నీళ్ళ మధ్యన కట్టిన దాన్ని లాంచి ఎక్కి చూడబోవడం మనకి అలవాటైన పనే.

ఇక కన్యాకుమారి. ఒడ్డుకు సుమారు అర కిలోమీటరు దూరంలో ఉన్న రాయి మీద వివేకానంద స్మారకం ఉందని అందరికీ తెలుసు. దాన్ని కట్టడానికి ఎంత గొడవ జరిగిందో మనలో చాలామందికి తెలియదు. 1963 వివేకానందుడి శతజయంతి. ఆ సందర్భంగా అక్కడ స్మారకం కట్టాలన్నారు. ఆ రాయి ఎవరిదన్న తగాదా స్థానిక జాలరులతో మొదలైంది. ముఖ్యమంత్రి భక్తవత్సలం ఒప్పుకోలేదు. కేంద్రంలో సాంస్కృతిక వ్యవహారాలు చూస్తున్న హుమాయూన్ కబీర్, కట్టడం కడితే ఆ రాతి సహజమైన అందం చెడిపోతుందన్నారు. ఏకనాథ్ రనడే ఢిల్లీలో మూడు రోజుల్లో 323 మంది పార్లమెంటు సభ్యుల సంతకాలు సేకరించి ఆ అడ్డు దాటించారు. డబ్బు కోసం దేశమంతా తిరిగారు. ఒక్కొక్క రూపాయి చొప్పున మామూలు జనం ఇచ్చారు. మన సంఘం భవనానికి ఇటుక విరాళం పెట్టాం చూడండి, అలాంటిదే, దేశం అంత పెద్దది. ఎస్.కె. ఆచారి స్థపతి. రాళ్ళు ఒడ్డున చెక్కి నీళ్ళ మీద తరలించారు. 1970 సెప్టెంబరు 2న దాన్ని ప్రారంభించింది రాష్ట్రపతి వి.వి. గిరి, మన తెలుగాయనే.

ఆ తర్వాత పక్క రాయి మీద 133 అడుగుల తిరువళ్ళువర్ విగ్రహం 2000 జనవరి 1న వచ్చింది. గణపతి స్థపతి పని అది. 2024 డిసెంబరు చివర్లో రెండు రాళ్ళనీ కలుపుతూ 77 మీటర్ల గాజు వంతెన వేశారు. ఇప్పుడు ఆ రెండు రాళ్ళూ లేని కన్యాకుమారిని ఎవరూ ఊహించలేరు. అందం చెడుతుందన్న కబీర్ గారి మాటలో అన్యాయం ఉందని నేను అనను. ఆయన చూసిన ఖాళీ రాయిని మనం ఎన్నటికీ చూడలేం. కానీ ఆ తర్వాతి తరాలకి ఆ కట్టడమే సముద్రపు ముఖం అయిపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సముద్రంలో గాలిమరలు పెట్టడం డెన్మార్కులో మొదలైంది. 1991లో విండెబీ అన్న చోట 11 గాలిమరలు పెట్టారు. అన్నీ కలిపి 5 మెగావాట్లకి కాస్త తక్కువ. పాతికేళ్ళు తిరిగి, 2017లో వాటిని విప్పేశారు. అది ప్రయోగం. వాస్తు, విహారం, కరెంటు మూడూ కలిసిన చోటు మాత్రం కోపెన్‌హాగెన్ నగరం ఎదురుగా ఉన్న మిడెల్‌గ్రుండెన్.

ఆ నగరపు రేవు నుంచి మూడున్నర కిలోమీటర్ల దూరంలో సముద్రంలో ఒక లోతు లేని దిబ్బ ఉంది. లోతు మూడు నుంచి ఐదు మీటర్లు. ఒకప్పుడు రేవులో తవ్విన బురద తెచ్చి అక్కడ పారబోసేవాళ్ళు. 1996లో నగరంలోని కొందరు మామూలు జనం కలిసి, అక్కడ గాలిమరలు పెడదామన్నారు. వాళ్ళలో పెద్ద పెట్టుబడిదార్లు ఎవరూ లేరు. మొదటి ప్లానులో 27 గాలిమరలు, మూడు వరుసల్లో. ప్లానును జనం ముందు పెట్టారు. రాజధాని ఎదురుగా, ప్రతి ఇంటి కిటికీలోంచీ, ప్రతి పార్కులోంచీ కనబడే చోటు అది. జనం ఒప్పుకోలేదు. మూడు వరుసలు ఒకదాని వెనక ఒకటి కనబడితే అడవిలా గజిబిజిగా ఉంటుందన్నారు.

తర్వాత వాళ్ళు చేసిన పని చూడండి. ప్లాను వెనక్కి తీసుకున్నారు. ఆర్కిటెక్టులను పిలిచారు. కోపెన్‌హాగెన్‌కి పూర్వం చుట్టూ అర్ధచంద్రాకారంలో కోట రక్షణ ఉండేది. ఆ పాత గీతకి జోడుగా, సముద్రంలో ఒకే ఒక్క వంపులో గాలిమరలు నిలబెట్టాలని తేల్చారు. 27 కాస్తా 20 అయ్యాయి. ఒక్కొక్కటి 2 మెగావాట్లు, మొత్తం 40. రెక్క కొస దాకా ఎత్తు 102 మీటర్లు. ఎక్కడ నిలబడి చూసినా ఎలా కనిపిస్తాయో ముందే బొమ్మలు వేసి జనానికి చూపించారు. చప్పుడు వస్తుందేమోనని భయపడ్డవాళ్ళని నేల మీద తిరుగుతున్న కొత్త గాలిమర దగ్గరికి తీసుకుపోయి, "వినండి" అన్నారు. విన్నాక వాళ్ళ భయం తీరింది. పునాదులు పాత ఓడల కర్మాగారం డ్రైడాకులో పోతపోసి, నీళ్ళ మీద మోసుకుపోయి దించారు. 2000 సంవత్సరం చివరికి తిరగడం మొదలైంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది డబ్బు లెక్క. ఇరవైలో పది నగరపు విద్యుత్ సంస్థవి, మిగతా పది ఒక సహకార సంఘానివి. ఆ సంఘంలో ఎనిమిదిన్నర వేలమందికి పైగా సభ్యులు. 40,500 వాటాలు, ఒక్క వాటా అంటే ఏటా సుమారు వెయ్యి యూనిట్ల కరెంటు లెక్క. టీచర్లు, నర్సులు, పెన్షన్లు తీసుకునేవాళ్ళు వాటాలు కొన్నారు. ఇంట్లోంచి కిటికీ తీస్తే తమ వాటా తిరుగుతూ కనబడుతుంది. ఇక అది కంటికి అడ్డం ఎలా అవుతుంది? సొంత పొలంలో పైరు చూసినట్టు చూస్తారు. సంఘంవాళ్ళు సభ్యులనీ, బయటినుంచి వచ్చే బృందాలనీ పడవల్లో దగ్గరికి తీసుకుపోతారు. పక్కనే పంతొమ్మిదో శతాబ్దం చివర కట్టిన సముద్రపు కోట ఉంది. తుపాకుల కోటా, గాలిమరలూ ఒకే దారిలో చూడొచ్చు.

అన్ని చోట్లా ఇలాగే జరగలేదు లెండి. ఇంగ్లండులో గ్రేట్ యార్మత్ అనే బీచి ఊరికి ఎదురుగా 2004లో స్క్రోబీ శాండ్స్ పేరుతో 30 గాలిమరలు పెట్టారు. ఒడ్డున చూడవచ్చేవాళ్ళ కోసం ఒక కేంద్రం తెరిస్తే, ఐస్‌క్రీము తినడానికి వచ్చిన వాళ్ళు వేల సంఖ్యలో లోపలికి వచ్చి చూసిపోయారు. అమెరికాలో కేప్ కాడ్ దగ్గర 2001లో గాలిమరల ప్రతిపాదన వచ్చింది. ఒడ్డున బంగళాలున్న డబ్బున్నవాళ్ళు మా చూపు చెడుతుందని కోర్టులకెక్కారు. పదహారేళ్ళు కొట్లాడి 2017లో కంపెనీ చేతులెత్తేసింది. ఆ పక్క రాష్ట్రంలో బ్లాక్ ఐలండ్ దగ్గర ఐదే ఐదు గాలిమరలు 2016 చివర్లో వచ్చాయి. విహారయాత్రికులు రారేమోనని అక్కడా భయపడ్డారు. 2019లో రోడ్ ఐలండ్ యూనివర్సిటీవాళ్ళు లెక్కలు తీస్తే, ఎండాకాలంలో ఆ దీవిలో అద్దె గదులు ముందుకన్నా ఎక్కువే నిండాయని తేలింది.

ఇక్కడ నా సొంత గొడవ కొంచెం చెప్పుకోవాలి. లేకపోతే నేనెందుకింత పట్టుబడుతున్నానో మీకు అర్థం కాదు.

మా అమ్మవాళ్ళది రామగిరి వైపు. హైవే మీద చెన్నేకొత్తపల్లి దగ్గర దిగి లోపలికి పోవాలి. అప్పుడు అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. అక్కడ బంగారు గనులు ఉండేవి, మూతబడ్డాయి. 1990ల్లో ఆ కొండల మీద గాలిమరలు వచ్చాయి. రాష్ట్రంలో మొదట వచ్చినవాటిలో అవి ఉన్నాయి. నాకు అప్పుడు పదకొండేళ్ళు. ఎండాకాలం సెలవులకి పోతే, మా అబ్బ నన్ను చెనక్కాయ చేను గట్టు మీద నిలబెట్టి, "చూడరా, కొండకి రెక్కలొచ్చినాయి" అన్నాడు. అప్పుడు అవి నాకు దేవుడి రథాల్లా కనబడ్డాయి. ఊళ్ళో అందరూ "ఫ్యాన్లు" అనేవాళ్ళు. మన పెద్దాయన నోట ఆ మాట విన్నప్పుడు నాకు కోపం రాలేదు, అబ్బ గుర్తొచ్చాడు.

కొన్నేళ్ళ తర్వాత మా మామ వాళ్ళ నేల కొంత గాలిమరల కోసం పోయింది. మధ్యవర్తి ఒకాయన వచ్చి, వానకి ఎదురుచూసే మెట్ట చేనుకి ఇంతకన్నా ఏమొస్తుందని చెప్పి, చేతిలో కాస్త డబ్బు పెట్టి, కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. ఆ డబ్బు మా అత్త ఆపరేషనుకి, ఇంకో బోరు వేయడానికి సరిపోయింది. బోరులో నీళ్ళు పడలేదు. మామ ఇప్పటికీ సాయంత్రం పూట అరుగు మీద కూచుని ఆ రెక్కలు లెక్కపెడతాడు. ఎవరు ఆగారు, ఎవరు తిరుగుతున్నారు అని మనుషుల గురించి చెప్పినట్టు చెబుతాడు. "మన గాలేరా, కరెంటు ఏడికి పోతాదో" అంటాడు. కోపెన్‌హాగెన్‌లో వాటా కొన్న టీచరమ్మ గురించి చదివినప్పుడు నాకు మా మామే కళ్ళ ముందుకొచ్చాడు. ఆమె కిటికీలోంచి చూసేదీ, ఈయన అరుగు మీంచి చూసేదీ ఒకటే యంత్రం. ఆమెని ముందు అడిగారు, ప్లాను మార్చారు, వాటా ఇచ్చారు. ఈయనకి ఎక్కడ వేలిముద్ర వేయాలో చూపించారు.

బెంగళూరుకి కూడా ఈ కథలో కొంత భాగం ఉందని మనవాళ్ళకి పెద్దగా తెలియదు. మన పాత ఎయిర్‌పోర్టు రోడ్డులోని జాతీయ విమాన పరిశోధనశాల, ఎన్.ఎ.ఎల్., విమానాలతోపాటు 1960ల్లో నీళ్ళు తోడే గాలిమరల మీదా పనిచేసింది. ఆ తర్వాత 1970ల్లో భారతీయ విజ్ఞాన సంస్థలో ప్రొఫెసర్ అమూల్య రెడ్డి పల్లెల కోసం సాంకేతిక విజ్ఞానం అంటూ 1974లో ఆస్ట్రా అనే విభాగం మొదలుపెట్టారు. అక్కడా తక్కువ ఖర్చు గాలిమరల మీద పని జరిగింది. అప్పటి ఆలోచన, గాలిమర రైతు బావి పక్కన ఉండాలని. ఇప్పటిది గ్రిడ్డుకి కట్టే గాలిమర. రెండింటి మధ్య ఎక్కడో మా మామ జారిపోయాడు.

సరే, మన సముద్రం. 2015 అక్టోబరులో కేంద్రం సముద్రపు గాలి విద్యుత్తుకి ఒక విధానం ప్రకటించింది. గుజరాత్ ఎదురుగా, తమిళనాడు ఎదురుగా ఎనిమిదేసి జోన్లు గుర్తించారు. మన ఆంధ్ర తీరం ఈ మొదటి విడతలో లేదు. తమిళనాడు జోన్లు మన్నారు సింధుశాఖలో, కన్యాకుమారి, తూత్తుకుడి వైపు. 2018లో పెద్ద లక్ష్యాలే చెప్పారు, 2030కి 30 వేల మెగావాట్లు అని. 2024 జూన్‌లో రెండు రాష్ట్రాలకీ చెరో 500 మెగావాట్ల కోసం రూ. 7,453 కోట్ల సాయం మంజూరు చేశారు. గుజరాత్‌కి పిలిచిన టెండరుకి సరైన స్పందన రాక దాన్ని 2025లో రద్దు చేశారు. అంటే నేను ఇది రాసే రోజుకి మన సముద్రంలో ఒక్క గాలిమర కూడా తిరగడం లేదు. చాలామందికి ఇది ఆలస్యంగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇది మంచి సమయంగా కనిపిస్తోంది. ప్లాను ఇంకా కాగితం మీదే ఉంది కాబట్టి.

ఎందుకంటే అక్కడ అడగాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు. మన్నారు సింధుశాఖలో 21 దీవుల సముద్ర జాతీయ ఉద్యానం ఉంది, 1986 నాటిది. పగడపు దిబ్బలు, సముద్రపు ఆవులు ఉన్న చోటది. దానికి తోడు తీరం పొడవునా జాలరుల ఊళ్ళు. గాలిమరల మధ్య వల వేయనిస్తారా, తీగలు వేసే నెలల్లో పడవలు ఎక్కడ తిప్పాలి, వాళ్ళు ఇప్పుడే అడుగుతున్నారు. వివేకానంద రాయి దగ్గర అరవై ఏళ్ళ కిందట జరిగిన తగాదా మళ్ళీ కొత్త రూపంలో రావచ్చు. అప్పుడు కొందరి అడ్డు సంతకాలతో దాటేశారు. ఈసారి దాటేయడం కన్నా కూచోబెట్టి మాట్లాడటం మంచిదని నా అభిప్రాయం. విహారయాత్ర అంటే జాలరి పడవకి కూలి దొరకడం మాత్రమే అయితే అది మా మామ చేతిలో పెట్టిన డబ్బులాంటిదే. ఆ ఊళ్ళ సంఘాలకి గాలిమరల్లో వాటా ఉండాలి, చూడవచ్చేవాళ్ళని తీసుకుపోయే హక్కు వాళ్ళదే కావాలి, అప్పుడు లెక్క వేరు.

విహారం విషయంలో ఒక చిక్కు కూడా ఉంది. మనవాళ్ళు కన్యాకుమారికి ఎక్కువగా పోయేది ఎప్పుడు? నవంబరు నుంచి జనవరి దాకా, శబరిమల దర్శనం అయ్యాక. ఆ నెలల్లో సముద్రం నెమ్మదిగా ఉంటుంది, లాంచీలు తిరుగుతాయి. ఆరాల్వాయ్‌మొళి కనుమలోంచి గాలి విరుచుకుపడేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా. అప్పుడు గాలిమరలు బ్రహ్మాండంగా తిరుగుతాయి, సముద్రం పొంగి లాంచీలు ఆపేస్తారు. అంటే పడవ తిరిగినప్పుడు రెక్క సరిగా తిరగదు, రెక్క తిరిగినప్పుడు పడవ తిరగదు. కోపెన్‌హాగెన్ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకుంటే కుదరదు. పైగా మన జోన్లు వాళ్ళలాగా ఊరి గుమ్మం ముందు లేవు, లోపలికి ఉన్నాయి. అందుకే ఒడ్డున కట్టే కట్టడం ముఖ్యం అవుతుంది. వానాకాలం హోరుగాలిలో నిలబడి దూరంగా వరుసను చూడగలిగే ఒక మంటపం, గాలి ఏమిటో చెవికీ ఒంటికీ తెలిసే చోటు. మంచి స్థపతి చేతిలో పడితే అది ఇంకో గాజు వంతెన కన్నా బాగుంటుంది. గాజు వంతెన మీద మనం పాదాలు చూసుకుంటాం, అంతే. ఇది నా సొంత అభిప్రాయం, ఫోటోలు బాగా వచ్చినవాళ్ళు కోప్పడకండి.

వరుసల సంగతి కూడా ఇప్పుడే తేలాలి. ఒడ్డు నుంచి, రాతి మీద నుంచి, సూర్యోదయం చూసే వైపు నుంచి ఆ గాలిమరలు ఎలా కనబడతాయో బొమ్మలు వేసి ముందే చూపించమని అడిగే హక్కు అక్కడి జనానికి ఉంది, ఏటా లక్షల్లో అక్కడికి పోయే మనలాంటివాళ్ళకీ కొంత ఉంది. ఒక్క వంపు గీసి ఇరవై నిలబెట్టడానికీ, ఎక్కడ లోతు తక్కువైతే అక్కడ పాతేయడానికీ ఖర్చులో తేడా ఉంటుంది. ఆ తేడా ఎవరు భరించాలన్నది పెద్ద ప్రశ్నే. మీర్జా ఇస్మాయిల్ కాలంలో తోటకి అయ్యే ఖర్చు దండగ అన్నవాళ్ళు లేకుండా ఉంటారా?

మన పెద్దాయనకి ఇదంతా మొన్న సాయంత్రం ఫోనులో చెప్పాను. ఓపిగ్గా విన్నారు. తర్వాత అడిగారు, "మీ మామ ఇప్పుడు ఎట్లున్నాడు?" బాగానే ఉన్నాడు సార్, మోకాళ్ళ నొప్పులు అన్నాను. "కన్యాకుమారికి మనతోపాటు వస్తాడేమో అడుగు" అన్నారు.

అడిగాను. వస్తానన్నాడు. సముద్రం ఎప్పుడూ చూడలేదట.

కాబట్టి కార్యక్రమం ఇదీ. కమిటీ ఒప్పుకున్నది రెండు యాత్రలకి. బృందావన్ గార్డెన్స్ మామూలుగా ఒక్క రోజు బస్సు, దానికి పేర్లు మహిళా విభాగంవారికి ఇవ్వండి. కన్యాకుమారి డిసెంబరులో, సెలవుల్లో. బెంగళూరు నుంచి రైలు ఉంది గానీ కేరళ చుట్టి పోతుంది, ఒక రాత్రి ఒక పగలు పడుతుంది. బస్సయితే హోసూరు, సేలం, మదురై మీదుగా తిన్నగా, ఆఖరి గంటన్నర దారిలో రెండు వైపులా గాలిమరలే. నా ఓటు బస్సుకి. మెట్లు ఎక్కలేనివాళ్ళు, పడవ పడనివాళ్ళు ముందే చెబితే ఒడ్డున కూచునే ఏర్పాటు చేద్దాం. పిల్లలతో ఒక్క పని చేయించాలని ఉంది: పనాగుడి దాటాక గాలిమరలు లెక్కపెట్టడం. మా మామ పక్కన కూచోబెడతాను. ఆయన తప్పు లెక్క పెట్టడు.